అణుగర్భంలో పాకం



2025 మే నెలలో పేపర్లలో ఒక చిత్రమైన వార్త పడింది. మీలోనూ కొందరు చూసే వుంటారు. స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల సరిహద్దులో సెర్న్ అని ఒక పెద్ద పరిశోధనాలయం వుంది. అక్కడి శాస్త్రజ్ఞులు సీసాన్ని బంగారంగా మార్చారని ఆ వార్త. ఆ మధ్యాహ్నం నేను వంటిల్లు సర్దుకుంటూ వుంటే మా పక్కింటావిడ పేపరు పట్టుకుని ఒక్క పరుగున వచ్చింది.

"అక్కయ్యగారూ, ఇది నిజమేనంటారా? నిజమైతే మా పిల్ల గాజుల సంగతి ఓ ఆర్నెల్లు ఆగుదును!"

పెళ్ళీడు పిల్ల వున్న ఇల్లాలు. బంగారం మాట చెవిని పడితే ఇంకేం వినబడుతుంది చెప్పండి!

నిజమేనమ్మా, అన్నాను. కాని ఎంత చేశారో చూడు. 2015 నుంచి 2018 దాకా అక్కడ పుట్టిన బంగారమంతా పోగుచేస్తే, ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేసి అందులోంచి 29 భాగాలు తీస్తే ఎంతో అంత. కంటికి ఆనదు, కాటాకు తూగదు. పైగా పుట్టిన క్షణంలోనే గొట్టం గోడకు కొట్టుకుని ముక్కలైపోయింది. వేమన యోగి కాకముందు బంగారం చేసే విద్య కోసం తిరిగాడని మన పెద్దవాళ్ళు కథ చెబుతారు. ఈ లెక్క గనక ఆయన చెవిని పడివుంటే ఇంకో పదేళ్ళు ముందే యోగి అయివుండేవాడు.

ఆవిడ నవ్వేసింది. గుమ్మంలో నిలబడి వింటున్న వాళ్ళమ్మాయి మాత్రం నవ్వలేదు. "వాళ్ళకు బంగారం అక్కర్లేదు పెద్దమ్మా. అది పక్కకు రాలిన పొట్టు. వాళ్ళు చేసే అసలు పని వేరే వుంది" అన్నది.

అప్పటికి ఆ పిల్ల బి.ఎస్సీ. చదువుతోంది. ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చింది. ఆ అసలు పనేమిటో చదువుకోవడానికి విశాఖపట్నం వెళతాను, న్యూక్లియర్ ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేస్తాను అంటోంది. అదీ వాళ్ళింట్లో గొడవ. "అణువంటే బాంబే కదా అక్కయ్యగారూ, ఆడపిల్లకు ఆ చదువెందుకు? దానివల్ల ఎవరికేం ఒరుగుతుంది?" అని ఆవిడ నన్నే అడిగింది. ఆవిడకు నేను చెప్పిన జవాబే ఇవాళ మీకూ చెబుతున్నాను. ఆవిడ సరేనన్నాకే చెబుతున్నాను లెండి, పేర్లు మాత్రం చెప్పను.

ముందు వస్తువు సంగతి. మనం ముట్టుకునే ప్రతి వస్తువూ పరమాణువులతో కూడుకున్నదే. ఒక సీసపు పరమాణువును మన రాజమండ్రి ఊరంత పెంచామనుకోండి. ఊరి నడుమ పెట్టిన బిందె ఎంత వుంటుందో అంత మేరలో దాని బరువంతా వుంటుంది. ఆ బిందెనే కేంద్రకం అంటారు. మిగతా ఊరంతా ఇంచుమించు ఖాళీ. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, వెరసి 208 బుడిపెలు. ఒక్కొక్క బుడిపెలో మళ్ళీ క్వార్కులనే కణాలు మూడేసి వుంటాయి. వాటిని కలిపి పట్టుకునే జిగురుకు గ్లువాన్లని పేరు.

ఈ జిగురు స్వభావమే వింత. క్వార్కును విడిగా పైకి తీసి చూపించినవాడు ఇంతవరకూ ఎవడూ లేడు. జడకు పెట్టుకునే రబ్బరును లాగండి, ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఇదీ అంతే. తెగేదాకా లాగితే, ఆ తెగినచోట కొత్త క్వార్కులు పుట్టి మళ్ళీ జతకట్టేస్తాయి. ఒంటరిది మాత్రం చేతికి రాదు.

ఇంకో విశేషం చెబితే మీరు నమ్మరు. మీరు కొట్లో కిలో కందిపప్పు తూయించారు. ఆ కిలోలో క్వార్కుల సొంత బరువు ఎంతో తెలుసాండీ? ఇంచుమించు 10 గ్రాములు. మిగతా 990 గ్రాములూ ఆ జిగురులోనూ, ఆ పరుగుల్లోనూ వున్న శక్తే బరువై కూర్చున్నది. మన ఒళ్ళూ అంతే. డైటింగు చేసేవాళ్ళు ఈ మాట పట్టుకుని పొంగిపోకండి, కాటాకు ఈ తేడా తెలియదు.

అయితే ఈ జిగురు ఎలా పట్టుకుంటుందో తెలియాలంటే దాన్ని ఒకసారి కరిగించి చూడాలి. బెల్లం అచ్చుల్ని మూకుట్లో పడేసి పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? కాసేపటికి ఏ అచ్చు ఎక్కడుందో తెలియకుండా అంతా ఒకటే పాకమవుతుంది. ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ అలా కాస్తే అవి కరిగిపోయి, క్వార్కులూ గ్లువాన్లూ కలగలిసిన పాకం వస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని క్వార్క్ గ్లువాన్ ప్లాస్మా అన్నారు. మనం పాకమనే అనుకుందాం. ఈ విశ్వం పుట్టిన తొలి సెకనులో లక్షవ వంతు కాలం వరకూ ప్రోటాన్లూ న్యూట్రాన్లూ లేవు, ఈ పాకమే వుండేదని వాళ్ళ సిద్ధాంతం. అది చల్లారి గడ్డకట్టాకే ప్రోటాన్లు వచ్చాయి, తరువాత నక్షత్రాలు, గోదావరి, మీరు, నేను.

దానికి కావలసిన వేడి ఎంత? సూర్యుడి నడిగర్భంలో కోటిన్నర డిగ్రీలు. అది ఇక్కడ గోరువెచ్చన కిందే లెక్క. బుడిపెలు కరగడానికే సుమారు రెండు లక్షల కోట్ల డిగ్రీలు కావాలి. ప్రభుత్వ బడ్జెట్టులో తప్ప మనం వినని అంకె! అంత వేడిని తట్టుకునే మూకుడు ఈ భూమి మీద లేదు గనక, మూకుడు లేకుండానే కాచే ఉపాయం పన్నారు. రెండు పెద్ద కేంద్రకాలను ఎదురెదురుగా, కాంతివేగానికి కాస్త తక్కువలో తోలి ఢీకొట్టించడమే ఆ ఉపాయం. అమెరికాలో న్యూయార్కు దగ్గర బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయంలో 2000వ సంవత్సరంలో బంగారు కేంద్రకాలతో మొదలుపెట్టారు. సెర్న్‌వారు భూమి లోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలత వున్న గొట్టంలో 2010 నవంబరులో సీసంతో మొదలుపెట్టారు. ఒక్కొక్క సీసపు కేంద్రకం ఆ 27 కిలోమీటర్ల చుట్టూ సెకనుకు 11 వేల సార్లు తిరిగి వస్తుంది. ఇక బంగారం ఎలా వచ్చిందంటారా? ఢీకొనకుండా పక్కనుంచి రాసుకుపోయిన జతల్లో ఒక్కొక్కప్పుడు మూడు ప్రోటాన్లు ఊడిపోతాయి. 82లో మూడు పోతే 79. 79 ప్రోటాన్లున్నది బంగారమే కదా!

అంత వేగంలో పోయే కేంద్రకం ఉండలా కనబడదు. ఐన్‌స్టీన్ చెప్పిన నియమం ప్రకారం, పోయే దిక్కున అణగిపోయి పలచబడుతుంది. సెర్న్‌లో దాని మందం వెడల్పులో రెండువేల వంతుకన్నా తక్కువ. మా వేపు వాళ్ళకు ఇది చెప్పడం తేలిక, ఆత్రేయపురం పూతరేకును తలచుకుంటే చాలు. రెండు పూతరేకులు ఎదురెదురుగా వచ్చి ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. ఆ సందున పాకం పుడుతుంది. అది ఎంతసేపు వుంటుందో చెప్పడానికి మనకు మాటలు లేవు. రెప్పపాటు అనడానికి లేదు, రెప్పపాటులో దాని ఆయుష్షు కోట్లకు కోట్లసార్లు పడుతుంది. ఆ వెంటనే వేలకు వేలు కణాలుగా చెదిరిపోతుంది.

మరి కళ్ళతో చూడలేనిది, పుట్టగానే పోయేది, దాని గుణం వాళ్ళకెలా తెలిసింది? నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. మనం అరిసెలకు పాకం పట్టేటప్పుడు థర్మామీటరు పెడతామా? చెంచాతో ఒక్క చుక్క తీసి పళ్ళెంలో నీళ్ళలో వేస్తాం. చుక్క కరిగిపోతే లేతపాకం, ఉండకడితే ఉండపాకం, పళ్ళేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టు. గిన్నెలో జరుగుతున్నదాన్ని బయటికొచ్చిన చుక్కను బట్టి పోల్చుకుంటాం. వాళ్ళు చేసేదీ అదే. ఆ గొట్టం చుట్టూ పదివేల టన్నుల యంత్రాన్ని కట్టి, చెదిరి వచ్చిన ప్రతి కణాన్నీ పట్టి, ఎటు వచ్చింది, ఎంత జోరుగా వచ్చింది అని చూస్తారు. సెర్న్‌లోని ఆ యంత్రం పేరు ఆలిస్.

మొదట అందరూ ఆ పాకం ఆవిరిలాంటిదనుకున్నారు. ఆవిరైతే కణాలు అంతర్వేది తీర్థం విడిచాక జనం పోయినట్టు ఎవరిదారిన వాళ్ళు అన్ని దిక్కులకూ సమంగా పోవాలి. అలా పోలేదు. రెండు పళ్ళాలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కాక, కొంచెం పక్కకు జరిగి తగిలాయనుకోండి. రెండూ కలిసిన మేర బాదంపప్పు ఆకారంలో వుంటుంది. బాదంపప్పుకు ఒకవైపు సన్నం, ఒకవైపు పొడుగు. లోపలున్నది ద్రవమైతే సన్నటివైపే దానికి గట్టు దగ్గర, కాబట్టి అటే జోరుగా నెట్టుకువస్తుంది. గోదారి గట్టు తెగితే నీళ్ళన్నీ ఒక మాట మీద ఒకే వైపు పోవూ? అలాగ. బ్రూక్‌హేవెన్‌లో లెక్కలు కడితే కణాలు సరిగ్గా అలాగే, కలిసికట్టుగా, సన్నటివైపు ఎక్కువగా వచ్చాయి. ఆవిరి కాదు, ద్రవం! అదీ తేనెలా, పాకంలా సాగే ద్రవం కాదు. దాని ఒత్తుదనంతో పోల్చి లెక్కవేస్తే నీటికన్నా కూడా ఏమాత్రం రాపిడి లేని ద్రవం. 2005లో ఈ సంగతి ప్రకటించినప్పుడు దాన్ని దాదాపు పరిపూర్ణ ద్రవమన్నారు. పాకమని నేను పెట్టిన పేరు ఇక్కడ కాస్త తప్పింది, ఒప్పుకుంటున్నాను.

వేడిని కొలవడానికి ఇంకో ఉపాయం వాడారు. కుంపట్లో బొగ్గు ఎర్రగా వుంటే ఒక వేడి, తెల్లబడితే ఇంకో వేడి అని మన అమ్మమ్మలు రంగు చూసి చెప్పేవారు. ఆ పాకంలోంచి వచ్చే కాంతిని చూసి అలాగే లెక్కగట్టారు. బ్రూక్‌హేవెన్‌లో 4 లక్షల కోట్ల డిగ్రీలని 2010లో చెప్పారు. 2012లో ఆలిస్ వాళ్ళు ఐదున్నర లక్షల కోట్లకు చేర్చారు.

ఇది విని మా పక్కింటావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అంత వేడి పుట్టిస్తే ఊళ్ళు తగలబడిపోవూ?" ఆవిడ ఒక్కతే కాదండీ. 2008 సెప్టెంబరు 10న సెర్న్ యంత్రాన్ని మొదటిసారి నడిపిన రోజున లోకం అంతమైపోతుందని ఎంత పుకారు పుట్టిందో మీకు గుర్తుండే వుంటుంది. మా వీధిలో ఒకావిడ ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించి, ఎలాగూ ఆఖరి రోజే కదా అని పాలకోవా వండిపెట్టింది. మర్నాడు పిల్లలు మళ్ళీ లోకం ఎప్పుడు అంతమవుతుందని అడిగారట!

వేడి వేరు, శక్తి వేరు. అగ్గిపుల్ల మంట బిందెడు గోరువెచ్చని నీళ్ళకన్నా వేడే, కాని దానితో స్నానానికి నీళ్ళు కాగవు. నేను కాగితం మీద లెక్కవేసి చూశాను. రెండు సీసపు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు వుండే శక్తి అంతా కలిపితే, ఒక ఆవగింజ రెండంతస్తుల మేడ మీంచి కింద పడితే ఎంతో అంత. పోపు డబ్బాలో ఆవగింజ. కాకపోతే ఆ శక్తిని కంటికి కనబడని అణువులో అణువంత చోట కుదించారు, అందుకే అంత వేడి. బాంబుకూ దీనికీ సంబంధం లేదు. బాంబులో ఒక కేంద్రకం పగిలితే అది పక్కదాన్ని పగలగొట్టుకుంటూ పోతుంది. ఇక్కడ ఒక జత ఢీకొంటే ఆ జతతోనే సరి.

"ఇవన్నీ తెల్లవాళ్ళ పనులు, మన గోదావరి జిల్లాల పిల్లకేం సంబంధం?" అన్నది ఆవిడ తరువాతి ప్రశ్న. అప్పుడు నేను గొరగనమూడి సంగతి చెప్పాను.

భీమవరం దగ్గర గొరగనమూడి అనే పల్లెటూరు వుంది. అక్కడ 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అని ఒకాయన పుట్టారు. పడుచువయసులోనే ఇల్లు విడిచి హిమాలయాలకు పోయి, యోగసాధన చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. కథ అక్కడితో ఆగివుంటే మనకు మరో స్వామీజీ దొరికేవారు. కాని ఆయన యోగం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్ళి, అక్కడ భౌతికశాస్త్రం మోజులో పడ్డారు. కాషాయం కట్టుకున్న మనిషి, నడివయసులో, విద్యార్థుల బెంచీ మీద కూర్చున్నారన్నమాట. ప్రాగ్ నగరంలో ఎక్స్‌కిరణాల మీద పరిశోధన చేశారు. తరువాత ఇంగ్లండులో లివర్‌పూల్‌లో, 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర, కేంద్రకాలు వెలువరించే బీటా కిరణాల మీద పనిచేశారు. ఆపైన అమెరికాలో మిషిగన్. కేంద్రకం లోపలికి తొంగిచూడలేం, దాన్నుంచి బయటపడ్డ కిరణాన్ని కొలిచి లోపలి సంగతి చెప్పాలి. మళ్ళీ పాకం చుక్కే చూడండి!

1947లో ఆయన రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. గొట్టంలోంచి గాలిని పూర్తిగా తోడేసి శూన్యం చెయ్యడమెలా, ఆ శూన్యాన్ని కొలవడమెలా అన్నది దాని విషయం. శూన్యం గురించి పుస్తకమేమిటని నవ్వకండి. ఇవాళ సెర్న్ గొట్టంలో బయటి గాలితో పోలిస్తే పది లక్షల కోట్లలో ఒక వంతు గాలి కూడా మిగలకుండా తోడకపోతే, సీసపు కేంద్రకాలు గాలికే తగిలి దారిలోనే రాలిపోతాయి. ఢీకొట్టే ముచ్చటే వుండదు. ఆ విద్యను మన భీమవరం మనిషి అప్పుడే పుస్తకంగా పెట్టారు. దేశానికి తిరిగి వచ్చాక 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్సు శాఖను నెలకొల్పారు. 1969లో పోయారు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. మా పక్కింటి పిల్ల వెళతానంటున్నది ఆ శాఖకే.

ఇక ఈ ఢీకొట్టే పనిలో మనవాళ్ళ పాత్ర చిన్నదేమీ కాదు. కలకత్తాలోని సైక్లోట్రాన్ కేంద్రంలో బికాశ్ సిన్హాగారు, ఆయన జట్టు, భువనేశ్వర్, చండీగఢ్, జమ్ము, జైపూరు వాళ్ళను కలుపుకుని వెలుగుకణాలను లెక్కపెట్టే పరికరం ఒకటి కట్టారు. తేనెపట్టులా ఆరుపలకల గదులు, వేలకు వేలు. నరసాపురం లేసు అల్లేవాళ్ళు చూస్తే ఇదేదో మా డిజైనే అంటారు. అది బ్రూక్‌హేవెన్‌లోనూ, ఆలిస్‌లోనూ పనిచేసింది. సిన్హాగారు 2023లో పోయారు. ఆ జట్టులో జైపూరులోని రాజస్థాన్ విశ్వవిద్యాలయం నుంచి పనిచేసినవారిలో రశ్మి రణీవాలాగారు ఆడవారే. బ్రూక్‌హేవెన్‌లో ఫీనిక్స్ అనే ప్రయోగానికి కొన్నేళ్ళపాటు నాయకత్వం వహించిన బార్బరా జాకాక్ ఆడమనిషే. ఆలిస్‌లో ఒక పెద్ద భాగం కట్టించిన యోహానా స్టాఖెల్ 2012లో జర్మనీ భౌతికశాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

ఎవరికేం ఒరుగుతుందన్న మాటకు సూటిగా చెబుతాను. భార కణాలను వేగంగా నడపడం నేర్చుకున్నాకే, కార్బను కేంద్రకాలతో కాన్సరు గడ్డలకు చికిత్స చెయ్యడం వీలయింది. జపానులో 1994 నుంచి చేస్తున్నారు, జర్మనీలో 1997 నుంచి. కాని ఆ పిల్ల వెళతానన్నది అందుకని చెబితే అబద్ధమవుతుంది. దానికి ఆ పాకం ఏమిటో తెలుసుకోవాలని వుంది, అంతే.

నేను 1988లో ఫిజిక్సుతో బి.ఎస్సీ. పాసయ్యాను. ఎమ్మెస్సీకి సీటు వచ్చింది. ఆ నెలలోనే ముహూర్తం కుదిరింది. ఎవరూ వద్దనలేదు నన్ను, నేనే అడగలేదు. ఆ సీటు కాగితం చాలాకాలం బీరువాలో పట్టుచీరల కింద వుండేది, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. ఇంతకుముందు ఈ సంగతి పక్కింటావిడకు కూడా చెప్పలేదు. ఇవన్నీ విని ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

తరువాత కూతురివైపు తిరిగి, "అరిసెల పాకం చూడటం రాదు గాని, లోకం పుట్టిన పాకం చూస్తుందట!" అన్నది. ఆ వెంటనే, "ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడే?" అని అడిగింది.

శుక్రవారం అన్నది పిల్ల. వాళ్ళ నాన్నగారు ఇంకా ఏమీ అనలేదు. హాస్టలు ఎలా వుంటుందో చూసి వద్దాం, మీరూ రండి అక్కయ్యగారూ అంటే, బుధవారం పొద్దుటి బండికి ఆవిడతో నేనూ విశాఖ వెళుతున్నాను.